మా నాయనమ్మ విన్న కథలు

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా కులం మీద మన దేశంలో వచ్చిన మంచి కథలు కొన్ని ఆమెకు కంఠతా వచ్చు. నేను పైకి చదివేదాన్ని, ఆమె గోడకు చేరగిలబడి వినేది. అయిపోయాక కాసేపు ఊరుకుని ఒక ప్రశ్న వేసేది. దాదాపు ప్రతి కథకూ అదే ప్రశ్న: "మరి తెల్లారి ఏమైందే?"

తర్వాత నేను హిందీ టీచరునయ్యాను. ఆ కథల మీద పెద్దవాళ్ళు రాసిన వ్యాసాలు చదివాను, పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. నాయనమ్మ ప్రశ్న వాటిలో నాకు కనపడలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. విన్నవాళ్ళలో మిగిలింది కూడా కొద్దిమందే. అందుకని రాసిపెడుతున్నాను.

మాది తెనాలి వైపు ఒక పల్లె. కాలవలు, వరిచేలు, నిమ్మతోటలు. ఊరికి తూర్పున మా మాలపల్లె, అది దాటి కాస్త దూరంలో మాదిగ పల్లె. తాతయ్య జీవితమంతా ఒకే ఆసామి దగ్గర పాలేరు. జీతం ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. నాయన మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని రైల్వేలో గ్యాంగ్‌మన్ అయ్యాడు కాబట్టి నాకు చదువు దక్కింది. మా పల్లెలో పైకి చదవడం కొత్తేమీ కాదు. ఆదివారం గుడిలో ఉపదేశి బైబిలు చదివితే అందరూ వినేవాళ్ళు. చదువు రానివాళ్ళకు కూడా క్రైస్తవ కీర్తనలు మొదటి నుంచి చివరిదాకా వచ్చు. అలా వినడం అలవాటైన జనానికి నవల వినడం పెద్ద కష్టం కాలేదు.

మొదట చదివింది మాలపల్లి. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను, 1975 ప్రాంతం. పక్క ఊరి శాఖా గ్రంథాలయంలో ఉండే ఆయన పుస్తకం చేతిలో పెట్టి, "ఇంటికి తీసుకెళ్ళమ్మా, మీ వాళ్ళకి చదివి వినిపించు" అన్నారు. పేరు చూసి నేను భయపడ్డాను. మా పల్లెను ఊళ్ళోవాళ్ళు ఏ మాటతో పిలుస్తారో ఆ మాట అట్ట మీద పెద్దక్షరాలతో ఉంది. సంచిలో అడుగున పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు గుంటూరు జిల్లా మనిషి, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు. సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకు వెళ్ళి, వేలూరు జైల్లో కూర్చుని ఈ నవల రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, తర్వాత కొంత కోసి వదిలింది, మళ్ళీ నిషేధించింది, చివరికి కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక ఎత్తేసింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసిందల్లా ఒకటే, ఇందులో ఇల్లు మా ఇల్లు. రామదాసు, మాలక్ష్మి, వాళ్ళ పిల్లలు వెంకటదాసు, సంగదాసు, రంగడు, వాళ్ళింట్లో పెరిగే జ్యోతి. ఊళ్ళో ఆసామి చౌదరయ్య. కూలి ఎంత, ఎప్పుడిస్తారు, ధాన్యం ఇస్తారా డబ్బులిస్తారా అనే మాటలు ఒక పుస్తకంలో ఉంటాయని మా వాళ్ళెవరూ అనుకోలేదు.

రాత్రి అన్నాలయ్యాక లాంతరు పెట్టుకుని రోజూ కొంచెం చదివేదాన్ని. మొదట్లో నాయనమ్మ, అమ్మ, నేను. పది రోజులకల్లా అరుగు నిండిపోయింది. నాట్లకు వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు నడుములు నొక్కుకుంటూ కూర్చునేవాళ్ళు. మధ్యలో నిద్రపోయినవాళ్ళు మర్నాడు కాలవగట్టు మీద పక్కవాళ్ళనడిగి కథ తెలుసుకునేవాళ్ళు. చౌదరయ్య కొడుకు రామానాయుడి భార్య కమల ఇల్లు వదిలి వెళ్ళే భాగం వచ్చినప్పుడు నేను సిగ్గుపడి గబగబా చదివాను. "మెల్లగా చదువు, ఆ పిల్ల కష్టం కూడా విందాం" అని ఎవరో కేకేశారు.

సంగదాసు చౌదరయ్య దెబ్బకు పోయిన రాత్రి అరుగు మీద ఎవరూ ఏడవలేదు. నేను ఏడుస్తారనుకున్నాను. ఒక ముసలాయన బీడీ ఆర్పి, "మా అన్నని కూడా కళ్ళంలోనే కొట్టారు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు ఒక అన్న ఉండేవాడన్న సంగతి నాకప్పటిదాకా తెలియదు. ఆయన చెప్పింది అయ్యాక ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. ఆ రాత్రి నవల ముందుకు సాగలేదు.

నాయనమ్మకు రామదాసు నచ్చలేదు. మంచివాడే అని ఒప్పుకునేది, అయినా నచ్చలేదు. కొడుకు పోయినా ఆయన ధర్మం, ఓర్పు అనే దారి వదలడు. "మాలక్ష్మికి కోపం రాదా? కన్నది ఆమె కదా?" అని అడిగింది. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే పేరుతో ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచే భాగానికొచ్చేసరికి మాత్రం అరుగంతా లేచి కూర్చుంది. ఒకసారి చదివింది చాలక మళ్ళీ చదివించుకున్నారు. నాయన డ్యూటీ నుంచి వచ్చి నిలబడే విన్నాడు.

చివర్లో నాయనమ్మ అడిగింది. "రాసినాయన మనోడేనా?"

"కాదు. బ్రాహ్మడు."

"మరి మన ఇళ్ళల్లో మాటలు ఆయనకెట్టా తెలిశాయి?" కాసేపు ఆలోచించి తనే చెప్పింది. "జైల్లో మనోళ్ళెవరన్నా పక్కన ఉండుంటారు." అది నిజమో కాదో నాకు తెలియదు. కానీ ఒక రచయిత గురించి అంతకంటే గౌరవంగా మాట్లాడడం నేను తర్వాత పెద్దగా వినలేదు. కూర్చుని విని ఉంటాడు, అందుకే రాయగలిగాడు అని ఆమె లెక్క.

మాలపల్లి పెద్ద నవల కావడం వల్ల నాయనమ్మ ప్రశ్నకు అందులో జవాబు దొరికేది. ఈ రోజు చావు జరిగితే రేపు ఏమైందో, ఏడాదికి ఏమైందో ఉంటుంది. చిన్న కథల దగ్గరే ఆమెకు చిక్కొచ్చేది.

ఆ చిన్న కథలు నాకు హిందీ నుంచి వచ్చాయి. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఆ రోజుల్లో మాలాంటి పిల్లలకు ఒక దారి. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, అలా ఒక్కొక్కటే రాసుకుంటూ పోతే పండిట్ ఉద్యోగం రావచ్చని ఆశ. తెనాలిలో ఒక ప్రచారక్ గారు సాయంత్రాలు ఊరికే చెప్పేవారు. హిందీ కథకుడు ప్రేమ్‌చంద్ రచనలు నాకు అక్కడ పరిచయమయ్యాయి. ఇంటికొచ్చి కథ మొత్తం తెలుగులో నాయనమ్మకు చెప్పేదాన్ని. పరీక్షకు నా చదువు అదే.

ప్రేమ్‌చంద్ రాసిన 1932 నాటి 'ఠాకూర్ బావి' కథ చెప్పిన రాత్రి నాకు బాగా గుర్తుంది. జోఖు జబ్బుతో పడుకుని ఉంటాడు. తాగే నీళ్ళు కంపు కొడుతున్నాయి, బావిలో ఏదో చచ్చింది. ఊళ్ళో పెద్దకులం భూస్వామి ఠాకూర్ బావిలో తోడుకోవడానికి వాళ్ళకు హక్కు లేదు. భార్య గంగి రాత్రి తొమ్మిదింటికి కుండ, తాడు పట్టుకుని ఆ బావికి వెళ్తుంది. చెట్టు నీడలో దాక్కుని ఆలోచిస్తుంది: వీళ్ళెందుకు ఎక్కువ, మేమెందుకు తక్కువ? దొంగతనాలు వీళ్ళే చేస్తారు, జూదాలు వీళ్ళ ఇళ్ళల్లోనే, నెయ్యిలో నూనె కలిపి అమ్మేది వీళ్ళే. అంతలో ఇద్దరు పెద్దకులం ఆడవాళ్ళు నీళ్ళకొచ్చి, మగవాళ్ళు తమను దాసీల్లా చూస్తున్నారని చెప్పుకుని పోతారు. గంగి బావిలో కుండ వేసి పైకి లాగి పట్టుకోబోయే క్షణంలో ఠాకూర్ తలుపు తెరుచుకుంటుంది. తాడు చేజారుతుంది. ఠాకూర్ కేకలు వేస్తూ బావి వైపు వస్తుంటాడు, గంగి దూకి పరుగెత్తుతుంది. ఇంటికొచ్చేసరికి జోఖు ఆ కంపు నీళ్ళే తాగుతుంటాడు. కథ అక్కడ అయిపోతుంది.

నాకు వణుకు పుట్టించిన ముగింపు అది. పాఠం చెప్పిన ప్రచారక్ గారి గొంతు కూడా ఆ వాక్యం దగ్గర మారిపోయింది. నాయనమ్మ మాత్రం ముగింపు పట్టించుకోలేదు.

"తాడు బావిలోనే ఉండిపోయిందా?"

"ఆ."

"కుండ కూడా?"

"ఆ."

"మరి తెల్లారి ఏమైందే? పొద్దున్నే చేద వేస్తే కుండ తగులుతుంది. ఎవరి తాడో చూస్తే తెలియదూ? తెలిశాక ఊరుకుంటారా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆ పాఠం చెప్పినా, తాడు గుర్తొస్తే నాకు టెన్షన్ వచ్చేది. కథకుడు గంగి అవమానం దగ్గర, ఆ కంపు నీళ్ళ దగ్గర ఆగాడు. పాఠకుడి గుండె పట్టుకోవడానికి అది చాలు. బావి పక్కన బతికిన మనిషికి అది చాలదు. ఆమెకు అసలు భయం ఆ రాత్రి గురించి కాదు, పొద్దున గురించి. గంగి పరుగెత్తి వచ్చి తలుపేసుకున్నంత మాత్రాన ఆమె బయటపడినట్టు కాదని నాయనమ్మకు తెలుసు.

ఆ ఇద్దరు ఆడవాళ్ళ గురించి కూడా ఒక మాట అంది. "వాళ్ళకీ కష్టమే పాపం. కానీ నీళ్ళు తోడుకుని వెళ్ళారుగా." అంతే. ఆడవాళ్ళ బాధ, కులం బాధ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అని తర్వాత సెమినార్లలో గంటలు గంటలు విన్నాను. నాకు మాత్రం ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఆ రాత్రి మా అరుగు మీద మాదిగ పల్లె నుంచి వచ్చిన ఒకావిడ కూడా ఉంది. నాయనమ్మతో కలిసి నాట్లకు వెళ్ళేది. అంతా విని లేస్తూ, "మీ బావి కథ కూడా ఇదేగా వదినా" అంది. కోపంగా అనలేదు. మా బావి దగ్గర వాళ్ళు తోడుకోకూడదు. పక్కన నిలబడితే మా వాళ్ళు కడవలో పోసేవాళ్ళు. ఊరి బావి దగ్గర మాకు ఏం జరిగేదో మా బావి దగ్గర వాళ్ళకు అదే. నాయనమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ సంగతి మా రెండు పల్లెల మధ్య ఇంకా కొన్నేళ్ళు నలిగింది. పంచాయతీ వాళ్ళు బోరింగు వేశాక గానీ సద్దుమణగలేదు. మా కులాల మధ్య ఈ ఎక్కువ తక్కువల మెట్ల గురించి మాలపల్లిలో నాకు గుర్తుండేంతగా లేదు, ప్రేమ్‌చంద్ కథల్లోనూ లేదు. చాలా ఏళ్ళ తర్వాత మాదిగ రచయితలు తమ కథ తామే రాసుకున్నప్పుడు అది అచ్చులోకి వచ్చింది. నల్లగొండ మాటల్లో వేముల ఎల్లయ్య రాసిన 'కక్క' చదువుతున్నప్పుడు నాకు ఆవిడ గొంతే వినపడింది.

ప్రేమ్‌చంద్‌దే 'సద్గతి' మరోలా సాగింది. తోలుపని కులమైన చమార్ దుఖీ, తన కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకోవడానికి పండిట్ ఘాసీరాం ఇంటికి వెళ్తాడు. పండితుడు ముందు వాకిలి ఊడవమంటాడు, తర్వాత పొట్టు మొయ్యమంటాడు, చివరికి ముడులు పడిన పెద్ద మొద్దు చీల్చమంటాడు. అన్నం లేదు. చిలుం వెలిగించుకోవడానికి కాస్త నిప్పు అడిగితే పండితుడి భార్య పట్టకారుతో దూరం నుంచి విసురుతుంది, అది అతని తల మీద పడుతుంది. దుఖీ తననే తప్పుపట్టుకుంటాడు, బ్రాహ్మణ ఇల్లు మైలపరచినందుకు దేవుడు వేసిన శిక్ష అనుకుంటాడు.

ఇక్కడ నాయనమ్మ ఆపింది. చిన్నప్పుడు ఆసామి ఇంట్లో దాహమేస్తే గడప బయట వంగి దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళని, చెంబు చేతికి తగలకుండా ఎంత ఎత్తులోంచి పొయ్యాలో వాళ్ళ పిల్లలకు కూడా నేర్పేవాళ్ళని చెప్పింది. "నీళ్ళు ముక్కులోకి పోయేవే. దగ్గితే నవ్వేవాళ్ళు." ఈ సంగతి ఆమె అంతకుముందు ఎప్పుడూ నాకు చెప్పలేదు. కథ వింటే తప్ప బయటకు రాని సంగతులు అవి. నేరుగా అడిగితే "ఏముందే, బతికాం" అనేది.

దుఖీ ఆ మొద్దు చీల్చి పడి చనిపోతాడు. అతని పని చూసి జాలిపడిన ఒక గోండు తెగ మనిషి చమార్ల వాడలోకి వెళ్ళి, శవాన్ని ఎవరూ ఎత్తవద్దని, పోలీసులు రావాలని చెప్తాడు. ఎవరూ రారు. నాయనమ్మ తొడ మీద చెయ్యి వేసి కొట్టింది. "మంచి పని చేశారు!" ఆ కథలో ఆమెకు అన్నిటికంటే నచ్చిన చోటు అదే. చివరికి శవం కంపు కొడుతుంటే పండితుడు ఇంకా తెల్లవారకముందే కాళ్ళకు తాడు కట్టి ఊరి బయటకు ఈడ్చి, వచ్చి స్నానం చేసి గంగాజలం చల్లుకుంటాడు.

ఈ కథలో తెల్లారి ఏమైందో ఉంది కదా అనుకున్నాను. ఆమె అడగనే అడిగింది. "ఆ పిల్ల నిశ్చితార్థం ఏమైంది?"

దుఖీ వెళ్ళింది ఎందుకో మధ్యలో నేను మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. తర్వాత సత్యజిత్ రాయ్ ఈ కథను 1981లో దూరదర్శన్ కోసం తీశారు. ఓంపురి గొడ్డలి ఎత్తే ప్రతిసారీ, స్మితా పాటిల్ వానలో పండితుడి తలుపు దగ్గర ఏడుస్తున్నప్పుడూ నా కళ్ళు ఆ చిన్నపిల్ల కోసమే వెతికాయి.

కథలంటే పుస్తకాలే కాదు మా వైపు. వేసవిలో పంటలయ్యాక నాటకాలు. హరిశ్చంద్ర నాటకం ఉందంటే నాలుగు ఊళ్ళు కదిలేవి. హరిశ్చంద్ర వేషానికి పేరున్న డి.వి. సుబ్బారావు గారు పాడిన పద్యాలు మైకుల్లో వేసేవాళ్ళు. మేము కూర్చునే చోటు వేరు, అది ఎవరూ చెప్పనక్కర్లేదు. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది. అందులో పాడే జాషువా గారి పద్యాలకు ఊరి పెద్దలు 'వన్స్‌మోర్' అని అరిచేవాళ్ళు. గుర్రం జాషువా గారు వినుకొండలో 1895లో పుట్టారు. ఎక్కడికి వెళ్ళినా కులం పేరుతో అవమానపడ్డారు. గుడిలోకి తను పోలేడు గనక గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపినట్టు 1941లో కావ్యం రాశారు. ఆయన పద్యానికి 'వన్స్‌మోర్', ఆయన మనుషులకు పందిరి బయట చోటు.

నాటకంలో హరిశ్చంద్రుడు అమ్ముడుపోయి వీరబాహుడి దగ్గర కాటికాపరి అవుతాడు. జనం వెక్కి వెక్కి ఏడుస్తారు. చక్రవర్తికి ఎంత కష్టం వచ్చింది, కాటిలో శవాలు కాల్చాల్సి వచ్చింది అని. ఒకసారి తిరిగొస్తుంటే కాలవగట్టు మీద నాయనమ్మ అంది. "రాజు మన పని చేస్తే ఇంతమంది ఏడ్చారు. మన చిన్న తాత జీవితమంతా ఆ పనే చేశాడు, ఎవరేడ్చారు?" అందరం నడుస్తూనే ఉన్నాం, ఎవరూ ఏమీ అనలేదు. మన పురాణాల్లో, నాటకాల్లో ఒకడి రోజువారీ బతుకు ఇంకొకడికి శిక్షగా ఎలా మారిందో నాకు ఆ తెల్లవారుజామున అర్థమైంది. ఇప్పటికీ ఆ పద్యాలంటే నాకు ప్రాణం. ఆ ప్రశ్నను పక్కనపెట్టి వినడం మాత్రం నావల్ల కాదు.

కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' మా ఇంట్లో పండుగ తెచ్చిన కథ. ఇనాక్ గారిది వేజెండ్ల, మాకు దూరమేమీ కాదు. నాయనమ్మ ముందే అడిగింది, "రాసినాయన మనోడేనా?" ఈసారి అవునన్నాను. కాస్త సర్దుకుని కూర్చుంది. ఇక్కడ ఆడమనిషి చెట్టు నీడలో వణుకుతూ నిలబడదు. నీళ్ళు తోడనివ్వని బావిని ఎవరూ తాగలేకుండా చేస్తుంది, చచ్చిన గొడ్డు బావిలో చేరుతుంది. నాయనమ్మ పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఆ ఒక్క కథకు ఆమె తెల్లారి సంగతి అడగలేదు. మర్నాడు నేనే అడిగాను, ఎందుకడగలేదని. "ఈసారి తెల్లారి భయపడాల్సింది వాళ్ళు" అంది.

తర్వాత 1985 వచ్చింది. అప్పటికి నాకు ఉద్యోగమొచ్చింది, జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ పండిట్. జులై 17న కారంచేడు. పత్రిక తెచ్చి ఆ అరుగు మీదే నాయన పైకి చదివాడు. తాగే చెరువు నీళ్ళ దగ్గర మొదలైన గొడవ ఆరుగురు మాదిగల హత్యలతో ఆగింది. మాదిగ పల్లె వాళ్ళు, మేము ఒకే అరుగు మీద కూర్చుని విన్నాం. ఠాకూర్ బావి కథ యాభై ఏళ్ళనాటిదని, ఎక్కడో ఉత్తరాదిలో జరిగిందని పిల్లలకు చెప్తూ వచ్చిన నేను, ఆ వారమంతా బడిలో ఆ పాఠం తెరవలేకపోయాను. నాయనమ్మ తన ప్రశ్నే అడిగింది. బతికినవాళ్ళు చీరాల వెళ్ళిపోయారని, తిరిగి ఆ ఊరికి పోమంటున్నారని నాయన చెప్పాడు. "పోవద్దు" అంది. అంత గట్టిగా ఆమె మాట్లాడడం నేను విన్నది అప్పుడే. ఆమె 1987లో పోయింది.

1991 ఆగస్టు 6న చుండూరు. అది మా పక్కనే. ఎనిమిదిమంది దళితులను చంపారు, శవాలను గోతాల్లో పెట్టి కాలవలో పడేశారు. దాని గురించి ఎక్కువ రాయలేను. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. తెల్లారడానికి ఇరవై మూడేళ్ళు పట్టి, తెల్లారాక కూడా ఏమీ కనపడని రాత్రి అది.

బడిలో ఠాకూర్ బావి పాఠం మళ్ళీ మొదలుపెట్టాను. పిల్లలు చాలావరకు బావి చూడనివాళ్ళే. ఒక ఏడాది ఒక అబ్బాయి లేచి "ఆమె బోరింగు దగ్గరకు పోవచ్చు కదా టీచర్" అన్నాడు. మంచి అబ్బాయి, నిజంగానే అడిగాడు. నేను చెప్పబోయేలోగా వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "మా ఊళ్ళో ట్యాంకు నీళ్ళు ముందు ఊళ్ళోకి వదులుతారు, మా వైపు వచ్చేసరికి బురద" అంది. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ రోజు పాఠం నేను చెప్పలేదు. ఆ అమ్మాయిని చెప్పమన్నాను, మిగతావాళ్ళను అడగమన్నాను. అలాంటి పీరియడ్లు నా సర్వీసులో తక్కువే, కానీ నేను టీచరునైనందుకు నాకు మిగిలింది అవే.

2000లో జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' వచ్చింది. నాయన అప్పటికి రిటైరయ్యాడు, చూపు తగ్గింది. కాబట్టి మళ్ళీ నేనే చదివాను, ఈసారి అరుగు మీద కాదు, తెనాలిలో మా క్వార్టర్లో ఫ్యాను కింద. రూతు అనే ముసలామె తలుచుకుంటూ ఉంటుంది. భర్త రూబేను, అతని నాన్న శివయ్య, తాత ఎల్లన్న, నాయనమ్మ సుభద్ర. ఎన్నెలదిన్ని అనే ఊరు. ఎల్లన్న వీధిభాగోతం ఆడేవాడు, పాట కట్టేవాడు. శివయ్య కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకానికి బతుకుదెరువు కోసం వెళ్తే అక్కడ కూడా అంటరానివాళ్ళని తరుముతారు. ఆకలి ఒకటే అయినా గంజి దగ్గర కులం విడివిడిగానే నిలబడుతుంది. తర్వాత మిషనరీలు, ఆసుపత్రులు, బడులు, ఆ పైన ఇమ్మానుయేలు, జెస్సీ, ఉద్యమం.

ఎవరో ఒకరు చచ్చిపోతే కథ ఆగిపోదు ఇందులో. మర్నాడు ఉంటుంది, మనవడి కాలం ఉంటుంది. ఒక్కొక్క అధ్యాయం అవుతుంటే నాయనమ్మ ఉంటే ఎలా వినేదో అనిపించి గొంతు పట్టేసేది. ఈ పుస్తకం ఆమె ప్రశ్నకు రాసిన జవాబులా ఉందని నాయనతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "జవాబు కాదమ్మాయ్, మీ నాయనమ్మ ఇట్టాగే చెప్పేది. నీకు కథలు చదవడం అలవాటు, వినడం తక్కువ" అన్నాడు.

ఆయన అన్నాక ఆలోచించాను. నిజానికి అరుగు మీద ప్రతి రాత్రీ రెండు కథలు నడిచేవి. ఒకటి నా చేతిలోది, రెండోది వింటున్నవాళ్ళది. సంగదాసు చనిపోతే ముసలాయన చెప్పిన అన్న కథ, దుఖీ నిప్పుకు నాయనమ్మ చెప్పిన దోసిలి నీళ్ళు. దయగల రచయితలు మా గురించి రాసినవి నాకు దారి చూపించాయి, వాళ్ళ రుణం నేను మర్చిపోను. ఉన్నవ గారి పుస్తకం లేకపోతే ఆ ముసలాయన నోరు తెరిచేవాడే కాదు. కానీ ఆయన నోరు తెరిచాక చెప్పింది ఏ పుస్తకంలోనూ లేదు. మా వాళ్ళు రాయడం మొదలుపెట్టాక అది మెల్లగా అచ్చులోకి వస్తోంది. గోగు శ్యామల గారి కథలు చదవండి. తాండూరు వైపు పల్లెల్లో పిల్లలు, అమ్మలు, చెరువులు, డప్పులు. అక్కడ కష్టం ఉంటుంది, దానితోపాటు ఆటలు, తిండి, నవ్వు కూడా ఉంటాయి. ఆసామి మీద పడబోతే తిరగబడి తప్పించుకునే పిల్ల ఉంటుంది. మా పల్లెలో కూడా పొద్దంతా ఏడుస్తూ ఎవరూ కూర్చోలేదు. బయటి నుంచి రాసినవాళ్ళకు మా నవ్వు చాలాసార్లు వినపడలేదు.

అంటరాని వసంతం అయిపోయాక నాయన చెప్పడం మొదలుపెట్టాడు. ఎల్లన్న పాటలు వింటుంటే తన పెదనాయన కట్టిన పాటలు గుర్తొచ్చాయట. కలుపు పాటలు, కుప్ప నూర్చేటప్పటివి, ఆసామి మీద ఆయన ముందే ఆయనకు తెలియకుండా పాడినవి. నన్ను రాసుకోమన్నాడు. సాయంత్రాలు కూర్చుని రాసుకున్నాను. కొన్ని పాటల్లో మధ్య చరణాలు ఆయనకు గుర్తు రాలేదు. ఆయన పోయాక ఆ నోటుపుస్తకాలు అలమారాలో ఉండిపోయాయి. ఇప్పుడు రిటైరై తీరిక దొరికింది కాబట్టి వాటిని టైపు చేస్తున్నాను. చరణం తెగిన చోట మా మేనత్తకు ఫోన్ చేసి అడుగుతాను. ఆమెకు ఎనభై దాటాయి, గొంతు మాత్రం గట్టిది. అడిగిన చరణం పాడుతుంది, అది ఎవరి చేలో ఎప్పుడు పుట్టిందో చెప్తుంది, అందులో వచ్చే మనుషుల పేర్లు చెప్తుంది. ఆ పాట పాడినందుకు పెదతాతయ్యను తెల్లారి ఏం చేశారో మొన్న చెప్పింది. అది రాస్తున్నాను.